పిడుగుకో దారి

నల్లమబ్బు కమ్ముకుంటే మనం ఇంట్లోకి పరుగెడతాం. మరి సబ్‌స్టేషన్ ఎక్కడికి పరుగెడుతుంది? వేల వోల్టులు, లక్షల వోల్టులు మోస్తూ ఆరుబయట నిలబడాల్సిందే. పిడుగు నెత్తిన పడకుండా దాన్ని కాపాడేవి ఓ సన్నటి తీగ, నాలుగు ఇనుప కడ్డీలు, కాళ్ల కింద తడి మట్టి. అవును... మట్టే!

1977 జులై 13. న్యూయార్క్‌లో ఉక్కపోతగా ఉన్న రాత్రి. టైము 8 గంటల 37 నిమిషాలు. నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డున ఉన్న బుకానన్ సౌత్ సబ్‌స్టేషన్ దగ్గర పిడుగు పడింది. 3 లక్షల 45 వేల వోల్టుల లైన్లకు కాపలా కాసే రెండు సర్క్యూట్ బ్రేకర్లు ఠక్కున తెరుచుకున్నాయి. అందులో తప్పేమీ లేదు. ప్రమాదం రాగానే తెరుచుకోవడమే వాటి ఉద్యోగం. పిడుగు వెళ్లిపోగానే మళ్లీ మూసుకుని కరెంటును పంపాలి. ఒక బ్రేకరు మాత్రం మూసుకోలేదు. అందుకు కారణాల్లో ఒకటి... వదులుగా ఉన్న ఓ నట్టు!

8.55కి మరో పిడుగు. ఇంకో రెండు కీలకమైన లైన్లు పోయాయి. మిగిలిన లైన్ల మీద బరువు పెరిగిపోయింది. 9.27కి నగరంలోని అతిపెద్ద జనరేటర్ ఆగింది. 9.36కి దాదాపు నగరమంతా చీకటి. మొత్తం కరెంటు తిరిగొచ్చేసరికి మర్నాటి రాత్రి అయింది. ఈలోపు 1,600కు పైగా దుకాణాలు లూటీ అయ్యాయి, లేదా ధ్వంసమయ్యాయి. వెయ్యికి పైగా చోట్ల మంటలు రేగాయి. 3,776 మందిని పోలీసులు అరెస్టు చేశారు.

ఆ రాత్రి సంగతి చెప్పుకునేవాళ్లంతా లూటీల గురించే చెప్పుకుంటారు. ఇంజినీర్లు మాత్రం ఆ నట్టును మర్చిపోలేరు. పిడుగును ఎవరూ ఆపలేరు. కానీ పిడుగుకూ చీకటికీ మధ్య నిలబడే ప్రతి చిన్న వస్తువూ ఏడాది పొడవునా సిద్ధంగా ఉండాలి. సబ్‌స్టేషన్ల రక్షణ కథంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

కంచె లోపల

సబ్‌స్టేషన్ చూడనివాళ్లెవరు? ఊరి చివర కంచె, గేటుకు పుర్రెబొమ్మ ఉన్న బోర్డు, లోపల ఇనుప గాంట్రీలు, గుంయ్‌మనే ట్రాన్స్‌ఫార్మర్, నేలంతా కంకర. పల్లెల్లో మనకు ఎక్కువగా కనిపించేది 33/11 కె.వి. సబ్‌స్టేషన్. 33 వేల వోల్టులతో వచ్చిన కరెంటును 11 వేలకు తగ్గించి చుట్టుపక్కల ఊళ్లకు పంచుతుంది. దాని పైన 132, 220, 400 కె.వి. సబ్‌స్టేషన్లనే పెద్దన్నలు ఉంటాయి. మెట్టు మెట్టూ దిగుతూ వచ్చిన కరెంటే చివరికి మన ఇంట్లో 230 వోల్టులుగా ఫ్యాను తిప్పుతుంది.

ఇందులో చాలా భాగం ఆరుబయటే ఉంటుంది. ఎందుకంటే అక్కడ తీగకూ తీగకూ మధ్య ఉన్న గాలే ఇన్సులేషన్. వాయువు నింపిన లోహపు గొట్టాల్లో మొత్తం అమర్చి, భవనం లోపల పెట్టే సబ్‌స్టేషన్లు నగరాల్లో ఉన్నాయి. కానీ వాటికయ్యే ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ, ఉరుము ఉరిమితే అర్జునా ఫల్గుణా అనుకోవడం కూడా చేతకాని ఈ ఇనుప అడవిని మనుషులే కాపాడుకోవాలి.

పిడుగు దారిలో ఎక్కడో లైను మీద పడితే మహా అయితే ఆ లైను ట్రిప్పవుతుంది. అదే సబ్‌స్టేషన్లో బస్‌బార్ మీద పడితే? బస్‌బార్ అంటే వచ్చే లైన్లూ పోయే లైన్లూ కలుసుకునే చోటు. రైళ్లకు జంక్షన్ ఎలాగో కరెంటుకు అది అలాగ. జంక్షన్ కూలితే ఒక రైలు ఆగడం కాదు, అన్ని వైపులా రైళ్లు ఆగిపోతాయి.

45 లక్షల వోల్టులు!

మామూలు పిడుగులో దాదాపు 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. మన సీలింగ్ ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. 2 లక్షల ఆంపియర్లు దాటే పిడుగులూ అరుదుగా ఉంటాయి. పిడుగు నడిచిన దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం వేడికి ఇది అయిదు రెట్లు.

తమాషా ఏమిటంటే, యూనిట్ల లెక్కలో చూస్తే పిడుగు అంత పెద్దదేమీ కాదు. ఒక పిడుగులో ఉండే శక్తి సుమారు 250 నుంచి 300 యూనిట్లని అంచనా. ఓ మధ్యతరగతి ఇల్లు నెలా రెండు నెలల్లో వాడేసేంత! ప్రమాదం ఎంత వచ్చిందన్న దాంట్లో లేదు, ఎంత వేగంగా వచ్చిందన్న దాంట్లో ఉంది. నెలంతా చెంబులతో పోసుకునే నీళ్లు ఒక్క రెప్పపాటులో నెత్తిన పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఓ చిన్న లెక్క చూద్దాం. 30 వేల ఆంపియర్ల పిడుగు బస్‌బార్ మీద పడిందనుకుందాం. కరెంటు రెండుగా చీలి అటు 15 వేలు, ఇటు 15 వేలు పరుగెడుతుంది. అలా అలలాగా దూసుకుపోయే కరెంటుకు తీగ చూపించే నిరోధం దాదాపు 300 ఓమ్‌లు. రెండూ గుణిస్తే 45 లక్షల వోల్టులు. మరి 220 కె.వి. సబ్‌స్టేషన్లోని పరికరాలు ఎంతవరకు తట్టుకోవాలని పరీక్షిస్తారు? 10 లక్షల 50 వేల వోల్టులు. పల్లెలోని 33 కె.వి. పరికరాలైతే 1 లక్షా 70 వేలే.

ఇంక చెప్పేదేముంది? పింగాణీ ఇన్సులేటర్ల మీదుగా నిప్పుల వంతెన కట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్ పగలొచ్చు. లోపలి చుట్టలకు చుట్టిన కాగితం చిల్లు పడొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ నిండా ఉండేది నూనె. అది అంటుకుంటే ఆర్పడం మాటలు కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దుకాణానికి వెళ్లి కొనుక్కొచ్చే వస్తువూ కాదు. ఆర్డరిచ్చి చేయించుకోవాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. ఆ నెలలన్నీ పక్క సబ్‌స్టేషన్ మీద బరువు, ఊళ్లలో కోతలు, పొలాల్లో ఆగిన మోటార్లు.

అడుగులేసుకుంటూ వస్తుంది

పిడుగును ఆపలేనప్పుడు పక్కదారి పట్టించాలి. అందుకు ముందు అది ఎలా వస్తుందో తెలియాలి.

మబ్బులో నుంచి నేల మీదికి పిడుగు ఒక్క ఉదుటున దూకదు. అడుగులేసుకుంటూ వస్తుంది. ఒక్కో అడుగు దాదాపు 50 మీటర్లు. ఒక అడుగు వేసి, సెకనులో లక్షల వంతులో లెక్కపెట్టాల్సినంత సేపు ఆగి, మళ్లీ ఇంకో అడుగు. కొమ్మలు కొమ్మలుగా చీలుతూ దిగుతుంది. కింద ఏముందో దానికి పట్టదు. సబ్‌స్టేషనా, చింతచెట్టా, గుడిగోపురమా అన్నది చివరి కొన్ని పదుల మీటర్ల దూరంలోనే తేలుతుంది. అది దగ్గరకు వస్తున్నకొద్దీ నేల మీదున్న ఎత్తయిన వస్తువుల కొసల నుంచి కూడా విద్యుత్తు దారాలు పైకి లేస్తాయి. పైనుంచి వచ్చేదీ కిందనుంచి లేచేదీ ఎక్కడ కలిస్తే అక్కడే పిడుగు పడుతుంది. మనం చూసే కళ్లు చెదిరే మెరుపు ఆ కలయిక తర్వాతిదే.

అంటే చివరి క్షణంలో జరిగేది ఓ పోటీ. ఎవరు ముందుగా చెయ్యి చాపితే పిడుగు వాళ్లది. ఆ పోటీలో ట్రాన్స్‌ఫార్మర్ కన్నా, బస్‌బార్ కన్నా ముందు చెయ్యి చాపేది ఒకటి పైన ఉండాలి. దెబ్బ తనమీద వేసుకుని చల్లగా నేలలోకి దించేయాలి. సబ్‌స్టేషన్ గాంట్రీల కొసన ఆకాశంలోకి పొడుచుకున్నట్టు కనిపించే కడ్డీలు, అన్నిటికన్నా పైన ఏ ఇన్సులేటరూ లేకుండా సాగే సన్నటి తీగ చేసేది ఇదే. ఆ తీగలో మామూలు రోజుల్లో మన కరెంటేమీ పారదు. ఏడాదిలో ఏ ఒక్క క్షణమో దానికి పని పడుతుంది. ఆ క్షణం కోసమే మిగిలిన రోజులన్నీ వేలాడుతూ ఉంటుంది.

మొనా? గుండ్రటి తలా?

ఈ ఆలోచన పాతదే. పిడుగులో ఉన్నది విద్యుత్తేనని, ఇనుప కడ్డీతో దాన్ని నేలలోకి దించవచ్చని అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పాడు. 1752 మేలో ఫ్రాన్స్‌లోని మార్లీ అనే ఊళ్లో ఆయన చెప్పిన ప్రయోగం చేసి చూస్తే నిజమేనని తేలింది. మరుసటి ఏడాది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్జ్ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇంటిమీద కడ్డీ పెట్టి విద్యుత్తును కొలవబోయాడు. కొలవడం కోసం ఆ కడ్డీని భూమికి కలపలేదు. పిడుగు కడ్డీ మీద పడి ఆయన ప్రాణం తీసింది. కడ్డీ పైన ఉంటే చాలదు, దాని కాలు నేలలో ఉండాలన్న పాఠం అంత ఖరీదుగా తెలిసింది.

తర్వాత ఇంగ్లండ్‌లో ఓ వింత గొడవ. కడ్డీ కొస సూదిగా ఉండాలా, గుండ్రంగా ఉండాలా? ఫ్రాంక్లిన్ మొనదేలిన కడ్డీయే మేలన్నాడు. 1777లో ఆయన మాట ప్రకారం కడ్డీలు పెట్టిన పర్‌ఫ్లీట్ మందుగుండు డిపో భవనం మీద పిడుగు పడి కొద్దిగా దెబ్బతింది. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం సాగుతోంది. మూడో జార్జి రాజు ఇదే సందని తన భవనం మీద గుండ్రటి తలల కడ్డీలు పెట్టించాడు. శాస్త్రం కాస్తా రాజకీయమైంది. విచిత్రం ఏమిటంటే అమెరికాలోని న్యూమెక్సికో కొండల మీద శాస్త్రవేత్తలు ఏడేళ్లపాటు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసి, 2000లో ఫలితాలు ప్రకటించారు. పిడుగులు పడింది కాస్త మొద్దుగా ఉన్న కడ్డీల మీదే. సూది మొనల మీద ఒక్కటీ పడలేదు. రాజుగారు కారణం తెలియకుండానే సగం ఒప్పు చెప్పారన్నమాట!

దొర్లే బంతి

కడ్డీ పెట్టాం సరే. అది ఎంత మేర కాపాడుతుంది? చాలాకాలం ఇంజినీర్లు గొడుగు లెక్క వాడారు. కడ్డీ కొస నుంచి 45 డిగ్రీలో 30 డిగ్రీలో వాలుగా గీత గీసి, ఆ గొడుగు కిందున్నదంతా భద్రమే అనుకునేవారు. 33 కె.వి.కీ అదే, 400 కె.వి.కీ అదే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం! కట్టడాల ఎత్తు పెరిగేకొద్దీ ఆ గొడుగుకు చిల్లులున్నాయని తెలిసొచ్చింది. పక్కనుంచి వచ్చి కొట్టే పిడుగులకు అది జవాబు చెప్పలేకపోయింది.

1970లలో కొత్త దారి దొరికింది. అమెరికా ఇంజినీరు రాల్ఫ్ లీ ఓ బంతిని ఊహించుకోమన్నాడు. ఇళ్లంత పెద్ద బంతి. దాన్ని సబ్‌స్టేషన్ మీద అటూ ఇటూ దొర్లించండి. బంతి కడ్డీలకూ పైతీగలకూ మాత్రమే తగులుతూ దొర్లిపోతే లోపలున్నవన్నీ భద్రం. ఎక్కడైనా కిందికి జారి ట్రాన్స్‌ఫార్మర్‌కో బస్‌బార్‌కో తగిలిందా... పిడుగు కూడా అక్కడ తగులుతుంది. పిడుగు తన చివరి అడుగు ఎంత దూరం నుంచి వేయగలదో అదే బంతి వ్యాసార్ధం. ఇదే కాలంలో కెనడాలో పనిచేసిన ఇంజినీరు అబ్దుల్ మూసా ఈ ఆలోచనను ప్రత్యేకంగా సబ్‌స్టేషన్ల లెక్కలకు మలిచాడు. ఈ పద్ధతులన్నిటినీ కలిపి అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ 1996లో ఒక మార్గదర్శి తెచ్చింది. 2012లో దాన్ని సవరించింది.

చిన్నదే చొరబడుతుంది

ఇక్కడే అసలైన ఆశ్చర్యం ఉంది. ఏ పిడుగుకు ఎక్కువ భయపడాలి? పెద్దదానికా, చిన్నదానికా? ఎవరైనా పెద్దదానికనే అంటారు. కానీ ఈ తీగల పందిరిని దాటుకుని లోపలికి చొరబడేది చిన్న పిడుగే!

ఎలాగంటే... పిడుగు ఎంత పెద్దదైతే దాని బంతి అంత పెద్దది. 30 వేల ఆంపియర్ల పిడుగుకు బంతి వ్యాసార్ధం 73 మీటర్లు. సుమారు 7,700 ఆంపియర్ల పిడుగుకు 30 మీటర్లే. ఇప్పుడు 40 మీటర్ల ఎడంలో ఒకే ఎత్తులో రెండు పైతీగలున్నాయనుకోండి. పెద్ద బంతి వాటి మీద ఆనుకుంటే మధ్యలో మూడు మీటర్ల లోపే కిందికి జారుతుంది. చిన్న బంతి ఏడున్నర మీటర్లు జారుతుంది. బస్‌బార్ ఆ తీగలకు అయిదు మీటర్ల కింద ఉంటే? పెద్ద పిడుగు దాన్ని ముట్టుకోలేదు, చిన్నది ముట్టుకుంటుంది. చేపల వలలో పెద్దచేప చిక్కి చిన్నచేప జారిపోవడం లాంటిదే.

అయితే వల కన్నులు మరీ చిన్నవి చేసి ఆకాశమంతా తీగలు కట్టేయాలా? అక్కర్లేదు. జారిపోయే చేప కరవనిదైతే చాలు. అంటే తీగల మధ్య నుంచి దూరగలిగిన పిడుగు పరికరం తట్టుకోగలిగినంత చిన్నదై ఉండాలి. 220 కె.వి. పరికరం దాదాపు 7,700 ఆంపియర్ల పిడుగు వరకు ఓర్చుకుంటుంది. కాబట్టి అక్కడ 30 మీటర్ల బంతితో లెక్క చూస్తారు. 400 కె.వి.లో పరికరాలు ఇంకా గట్టివి, బంతి ఇంకా పెద్దది. మరి 33 కె.వి.? దాని ఓర్పు తక్కువ. లెక్క కట్టాల్సిన బంతి 12, 13 మీటర్లకు దిగిపోతుంది. పట్నంలోని మహా సబ్‌స్టేషన్ కన్నా పల్లె చివరి బుల్లి సబ్‌స్టేషనే పిడుగుకు సుకుమారం!

కడ్డీలు వేయాలా, తీగలు లాగాలా అన్నది స్థలాన్ని బట్టి ఉంటుంది. తీగ తక్కువ స్తంభాలతో ఎక్కువ మేర కప్పుతుంది. కానీ తుప్పు పట్టి తెగిందంటే సరిగ్గా బస్‌బార్ మీదే పడుతుంది. కాపాడాల్సిందే కొంప ముంచుతుంది. విడిగా నిలబెట్టే స్తంభాలకు ఆ బెడద లేదు. కానీ అవి ఎక్కువ కావాలి, స్థలమూ కావాలి. చాలాచోట్ల రెండూ కలిపి వాడతారు.

అసలు కథ నేల కింద

పైన పట్టుకున్న పిడుగును ఎక్కడ వదలాలి? నేలలో. అందుకే సబ్‌స్టేషన్ నేల కింద మనకు కనిపించని మరో సబ్‌స్టేషన్ ఉంటుంది. ఇనుప పట్టీలను నిలువుగా అడ్డంగా పరిచి, గళ్లదుప్పటిలా అల్లి, అతుకులన్నీ వెల్డింగ్ చేసి పాతిపెడతారు. దీన్నే ఎర్త్ మ్యాట్ అంటారు. గాంట్రీలు, ట్రాన్స్‌ఫార్మర్ తొట్టి, కంచె... అన్నీ దీనికే కలుస్తాయి. అక్కడక్కడా గొట్టాలు దింపిన ఎర్త్ పిట్లు ఉంటాయి. మట్టి ఎండితే కరెంటును తీసుకోదు. అందుకే వాటిలో బొగ్గూ ఉప్పూ వేసే అలవాటు, ఎండాకాలంలో నీళ్లు పోసే అలవాటు వచ్చాయి.

బిందెడు నీళ్లకు ఇంత పెద్ద కథా అనిపిస్తోందా? ఉజ్జాయింపుగా లెక్క చూడండి. చిన్న సబ్‌స్టేషన్లో నేల నిరోధం 2 ఓమ్‌లకు మించకూడదంటారు. పెద్దవాటిలో 1 ఓమ్. 30 వేల ఆంపియర్ల పిడుగు కడ్డీ మీద పడి 2 ఓమ్‌ల నేలలోకి దిగితే గాంట్రీ మీద క్షణకాలం వచ్చే వోల్టేజీ 60 వేలు. 33 కె.వి. పరికరాలు తట్టుకునేది 1 లక్షా 70 వేలు కాబట్టి ఫర్వాలేదు. అదే మట్టి ఎండి, అతుకులు తుప్పుపట్టి నిరోధం 10 ఓమ్‌లకు చేరితే? 3 లక్షల వోల్టులు! అప్పుడు పిడుగు నేలలోకి దిగేబదులు గాంట్రీ మీద నుంచి వెనక్కి బస్‌బార్ మీదికే దూకుతుంది. కడ్డీ తన పని తాను చేసింది. నేలే చేతులెత్తేసింది. రిచ్‌మన్‌కు జరిగింది మరో రూపంలో మళ్లీ జరుగుతుంది.

ఆ కంకర కూడా అందం కోసం కాదు. నేలలోకి కరెంటు దిగేటప్పుడు అడుగుకో వోల్టేజీ ఉంటుంది. ఒక కాలు ఒకచోట, రెండో కాలు మరోచోట ఉంటే ఆ తేడా ఒంట్లోంచి పారుతుంది. చెట్టు కింద నిలబడ్డ పశువులు గుంపుగా చనిపోయేది దీనివల్లే. వాటి ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ. 2016 ఆగస్టులో నార్వేలోని హర్దంగర్‌విద్దా పీఠభూమిలో పిడుగుకు 323 రెయిన్‌డీర్లు ఒకేచోట కుప్పకూలాయి. సబ్‌స్టేషన్లో ఆ తేడా మనిషి కాళ్లకు అందకుండా అడ్డుపడేది తడిసినా కరెంటును అంతగా పారనివ్వని కంకర పొర. అది మట్టిలో కూరుకుపోయినా, గడ్డి మొలిచినా రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్ పాదాల కింది రక్షణ పోయినట్టే.

గుమ్మంలో కాపలా

పైనుంచి వచ్చే పిడుగుకు తీగలూ కడ్డీలూ ఉన్నాయి. మరి ఎక్కడో మైళ్ల దూరంలో లైను మీద పడి, తీగ వెంట దూసుకొచ్చే వోల్టేజీ అల సంగతేంటి? దానికి గుమ్మంలో కాపలాదారు వేరే ఉన్నాడు. సిబ్బంది ముద్దుగా ఎల్‌ఏ అని పిలిచే లైట్నింగ్ అరెస్టర్. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలువుగా ఉండే పింగాణీ గొట్టం అదే. లోపల జింక్ ఆక్సైడ్ బిళ్లలుంటాయి. చెమటకాయలకు రాసుకునే కాలమిన్ లోషన్లో ఉండే పదార్థమే! మామూలు వోల్టేజీకి అది గోడలా నిలబడుతుంది. వోల్టేజీ హద్దు దాటగానే తలుపులు బార్లా తెరిచి అదనపు కరెంటును నేలలోకి పంపేస్తుంది. అల దాటగానే మళ్లీ గోడ. జపాన్‌లోని మత్సుషితా సంస్థలో 1960ల చివర్లో మిచియో మత్సువోకా కనిపెట్టిన గుణమిది. చాలా అరెస్టర్లకు కింద చిన్న మీటరు ఉంటుంది. ఎన్నిసార్లు అల వచ్చి తాకిందో లెక్కపెడుతుంది.

అరెస్టర్ ఉందిగా, పైన తీగలెందుకు అనుకోకూడదు. లైను మీద నడిచొచ్చిన అల దారిలో కొంత అలిసిపోయి వస్తుంది. సూటిగా బస్‌బార్ మీద పడ్డ పిడుగు అలా కాదు. కాపలావాడు గుమ్మంలో ఉంటే దొంగ పైకప్పు ఊడదీసి దిగినట్టు! అందుకే రెండూ ఉండాలి.

పిడుగును ముందే పసిగట్టి అందుకుంటాయని, లేదా అసలు పడకుండానే చేస్తాయని చెప్పి అమ్మే పరికరాలూ మార్కెట్లో ఉన్నాయి. మామూలు కడ్డీ కన్నా అవి మెరుగని స్వతంత్ర పరిశోధనలు నిరూపించలేదు. న్యూమెక్సికో పరీక్షల్లో ముందే పసిగట్టే రకాన్ని కూడా పెట్టారు. వాటి మీదా పిడుగు పడలేదు.

నట్టు బిగించే చెయ్యి

అన్నీ సరిగ్గా ఉంటే కరెంటు పోనే పోదా? అలాగని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2019 ఆగస్టు 9న ఇంగ్లండ్‌లో ఓ లైను మీద పిడుగు పడింది. రక్షణ చక్కగా పనిచేసి, లైను 20 సెకన్లలో తిరిగొచ్చింది. కానీ ఆ కుదుపుకు సముద్రంలోని హార్న్‌సీ గాలిమరల కేంద్రం, లిటిల్ బార్‌ఫోర్డ్ గ్యాస్ విద్యుత్ కేంద్రం దాదాపు ఒకేసారి ఉత్పత్తి కోల్పోయాయి. 10 లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. రైళ్లు గంటల తరబడి నిలిచిపోయాయి. న్యూయార్క్‌లో నట్టు, ఇంగ్లండ్‌లో రెండు కేంద్రాల నియంత్రణ లోపాలు. పిడుగు వచ్చి తలుపు తట్టింది, అంతే. లోపలి గొళ్లెం ఎంత గట్టిదన్నదే తేల్చింది.

మనకు ఈ మాట ఇంకాస్త గట్టిగా వర్తిస్తుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. మన దగ్గర నడి ఎండల్లో, తొలకరికి ముందు వచ్చే గాలివానలకు పిడుగులు ఎక్కువ. సరిగ్గా అప్పుడే నేల ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది, ఎర్త్ పిట్లు దాహంతో ఉంటాయి. పిడుగు బలంగా ఉండే రోజుల్లోనే నేల బలహీనంగా ఉంటుందన్నమాట. కాబట్టి పనంతా మబ్బు రాకముందే జరగాలి. నేల నిరోధం కొలవాలి, తుప్పు పట్టిన పట్టీలు మార్చాలి, ఎవరైనా ఎత్తుకుపోయిన ఎర్త్ తీగలు మళ్లీ వేయాలి, అరెస్టర్ల మీద దుమ్ము తుడవాలి, కంకర సర్దాలి, పైతీగ బిగువు చూడాలి. వీటిలో ఏ పనికీ ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను కత్తిరించడం ఉండదు. బడ్జెట్ బిగుసుకుంటే ముందు వాయిదా పడేవీ ఇవే. చేస్తే ఏమీ జరగదు, చేయకపోతే ఎప్పుడో ఓ రాత్రి తెలుస్తుంది. ఆ రాత్రి ఆస్పత్రిలో ఆగిన లిఫ్టుకూ, ఎండిపోయే మడికీ, అన్నిటికన్నా ముందు కంకర మీద నిలబడ్డ మనిషికీ తెలుస్తుంది.

ఈసారి గాలివానలో ఓ పెద్ద పిడుగు పడి, లైటు ఒక్క క్షణం మిణుకుమని మళ్లీ వెలిగిందంటే అది అదృష్టమే అనుకోనక్కర్లేదు. ఎక్కడో ఒక తీగ దెబ్బ తిని ఉంటుంది. దాని కింద తడి మట్టి దాన్ని మింగేసి ఉంటుంది. ఆ మట్టిలో వేసవంతా ఎవరో నీళ్లు పోసి ఉంటారు.

మబ్బు కమ్మితే...

* మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు కిలోమీటరు దూరం. 30 సెకన్ల లోపే వినిపిస్తే ఇంట్లోకి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

* చెట్ల కిందా, సబ్‌స్టేషన్ కంచె పక్కనా, కరెంటు స్తంభాల దగ్గరా తలదాచుకోవద్దు. స్టే వైరును ముట్టుకోవద్దు. పశువులను కంచెకు కట్టొద్దు.

* టీవీ, కంప్యూటర్ ప్లగ్గులు వాన రాకముందే తీసేయండి. స్విచ్ ఆపినంత మాత్రాన చాలదు. పిడుగులు పడుతున్నప్పుడు మాత్రం ప్లగ్గులు ముట్టుకోవద్దు.

* పుణెలోని ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే చెబుతుంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు.

* మీ ఇంటికీ ఎర్త్ ఉంటుంది. అది చివరిసారి ఎప్పుడు చూపించారో గుర్తుందా? వేసవి ముగిసేలోపు ఎలక్ట్రీషియన్‌తో ఓసారి కొలిపించండి.